వెంట్రుక చూపి గుండు కొడుతున్నారు

తల వెనక నుంచి చిటికెడు జుట్టు కత్తిరించి కవరులో పెట్టి పంపితే చాలట. ఒంట్లో జింక్ ఎంత, మెగ్నీషియం ఎంత, సెలీనియం ఎంత అన్నది రంగురంగుల గ్రాఫులతో ఇంటికొస్తుంది. రిపోర్టు వెంటే సప్లిమెంట్ల జాబితా, జాబితా వెంటే వాటిని కొనాల్సిన లింకు. హెయిర్ మినరల్ టెస్ట్ పేరిట విదేశాల్లో ఏనాడో అభాసుపాలైన ఈ వ్యాపారం మన నగరాల వెల్‌నెస్ కేంద్రాలకూ చేరింది. లోపం ఉందని తేల్చేదీ, ఆ లోపానికి సీసా అమ్మేదీ ఒకే చెయ్యి అయినప్పుడు ఎవరి రిపోర్టులో మాత్రం లోపం కనిపించదు?

జుట్టు పరీక్ష మొత్తం బూటకమని మేం అనడం లేదు. 1971-72లో ఇరాక్‌లో మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం పట్టించిన విత్తన గోధుమలను రొట్టెలు చేసుకు తిని వేలమంది ఆస్పత్రుల పాలైనప్పుడు, ఎవరి ఒంట్లోకి ఎప్పుడెంత పాదరసం చేరిందో వారి వెంట్రుకలే చెప్పాయి. ఆర్సెనిక్ విషయంలోనూ, మాదకద్రవ్యాల కేసుల్లోనూ దానికి విలువుంది. అయితే విషం ఆనవాలు పట్టడం వేరు, పోషకాల లెక్క తేల్చడం వేరు.

నెలకు సుమారు సెంటీమీటరు పెరిగే వెంట్రుకకు లోపలి నుంచే కాదు, బయటి నుంచీ ఖనిజాలు అంటుకుంటాయి. చుండ్రు షాంపూల్లో జింక్ పైరిథియోన్ ఉంటుంది, కొన్నింట్లో సెలీనియం సల్ఫైడ్ ఉంటుంది. ఉప్పటి బోరునీళ్లతో తలంటుకుంటే కాల్షియం, మెగ్నీషియం పడతాయి. ల్యాబులో జుట్టును కడిగే తీరును బట్టి కూడా అంకె మారిపోతుంది. ఇంకో తిరకాసుంది. తీవ్ర పోషకాహార లోపంలో జుట్టు ఎదుగుదలే మందగిస్తుంది కనుక, జింక్ తక్కువైన పిల్లల వెంట్రుకల్లోనూ అది మామూలుగానే కనిపించవచ్చు. నిజంగా లోపమున్న బిడ్డను వదిలేసి, ఏ లోపమూ లేనివారిని బెదరగొట్టగల పరీక్ష ఇది.

1985లో అమెరికాలో ఇద్దరు ఆరోగ్యవంతులైన అమ్మాయిల జుట్టును 13 ల్యాబులకు పంపితే ఒకదానికొకటి పొంతనలేని ఫలితాలొచ్చాయి. సప్లిమెంట్లు వాడమన్న ల్యాబులు కూడా తలో రకం మందు చెప్పాయి. 2001లో ఒకే ఆరోగ్యవంతురాలి జుట్టు పంచి ఆరు ల్యాబులకిస్తే, పన్నెండు ఖనిజాల్లో అత్యధిక, అత్యల్ప అంకెల మధ్య పది రెట్లకు మించి తేడా! వ్యక్తి పోషక స్థితిని తేల్చడానికి ఈ పరీక్షను వాడవద్దని ఆ పరిశోధకులు డాక్టర్లకు తేటతెల్లంగానే చెప్పారు. విన్నవారేరీ?

డబ్బు పోతే పోయిందనుకుందాం. ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు ఈ రిపోర్టులు చూపి, ఒంట్లో లోహాలు పేరుకున్నాయని భయపెట్టి చెలేషన్ వైపు, అంటే మందులతో ఒంట్లోని లోహాలను బయటికి లాగే చికిత్స వైపు నెట్టే దందా సంగతేమిటి? 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాలుడు ఆ చికిత్సలోనే రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణం విడిచాడు.

మన దగ్గర లోపాలు లేవని కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దాన్ని పట్టడానికి వేలిమీద రక్తపు చుక్క చాలు, ఇనుము నిల్వ తెలియాలంటే ఫెరిటిన్ పరీక్ష ఉంది. 2016-18లో దేశవ్యాప్తంగా పిల్లల సూక్ష్మపోషకాలను కొలిచిన ప్రభుత్వ సర్వే తీసుకున్నది రక్తం, మూత్రం. ఎవరి జుట్టూ కత్తిరించలేదు.

సప్లిమెంట్ల సీసాల మీద ఔషధంగా వాడరాదని ముద్రించాలన్నది ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఔషధం కానిదాన్ని ల్యాబు రిపోర్టు చూపి, డోసు రాసి, కోర్సు పేరిట అంటగడుతుంటే అది వైద్యమా, కిరాణా వ్యాపారమా? పరీక్షించినవాడే అమ్మే ఈ పద్ధతిని నేడు జుట్టు దగ్గర సహిస్తే, రేపు గోళ్లకూ చెమటకూ ప్యాకేజీలొస్తాయి. పరీక్ష చేసే సంస్థ దాని ఆధారంగా సప్లిమెంటు అమ్మరాదని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఉత్తర్వు ఇవ్వడానికి ఇంకే ముహూర్తం కావాలి?

రోగిని ఎక్కడికైనా పంపినందుకు డాక్టరు కమీషన్ పుచ్చుకోరాదని 2002 నాటి వృత్తి నియమావళే చెబుతోంది. ఈ కేంద్రాలకు రోగులను తోలుతున్న డాక్టర్లకు అది తెలియనిదా? తెలిసీ తోలుతున్నవారికి కనీసం ఒక నోటీసు పంపే తీరిక కూడా లేకపోతే రాష్ట్ర వైద్య మండళ్లు ఉన్నదెందుకు, రిజిస్ట్రేషన్ ఫీజులు వసూలు చేసుకోవడానికా?