చేపను తొక్కితే పువ్వు

టోక్యోలో తొయొసు అనే చోట టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్ అని ఒక మ్యూజియం ఉంది. 2018లో తెరిచారు. అక్కడ బొమ్మలు గోడలకు వేలాడవు. చెప్పులు లాకర్లో పెట్టి మనమే బొమ్మలోకి నడవాలి. చెప్పులు విప్పమనగానే మా అమ్మకు ఆ చోటంటే గౌరవం పెరిగింది.

నాన్నకు తగ్గింది. కొన్ని గదుల్లో నేలంతా అద్దం, ఇంకో గదిలో మోకాళ్ళ దాకా నీళ్ళు. పంచెకు రెండూ పడవు. వాళ్ళిచ్చిన నిక్కరు తొడుక్కుని బయటికొచ్చి, "ఊళ్ళో ఎవరికీ చెప్పకు" అన్నారు. చెప్పలేదు, రాస్తున్నానంతే.

నీళ్ళ గదిలో చీకటి. పాలలాంటి నీళ్ళ మీద రంగురంగుల కోయి చేపలు. అంతా ప్రొజెక్టర్ల వెలుగే. అసలే కార్తీకమాసం, నీళ్ళు కనబడగానే అమ్మ దోసిట్లో తీసి నెత్తిన చల్లుకుని "గంగే చ యమునే చైవ" అందుకుంది. ఇంతలో ఒక చేప ఆవిడ కాలికి తగిలి, పువ్వై, రేకులు విడిపోయి మాయమైంది.

"చచ్చిపోయిందిరా!"

"చావలేదమ్మా, అది లైటు."

"లైటైతే నేను తగిలానని దానికెలా తెలుస్తుంది?"

మంచి ప్రశ్నే. మనం ఎక్కడున్నామో కనిపెట్టి కంప్యూటర్ అప్పటికప్పుడు గీస్తుందనీ, ముందే తీసిన వీడియో కాదనీ, ఒకసారి కనబడింది మళ్ళీ అచ్చం అలాగే రాదనీ ఉత్సాహంగా చెప్పాను.

"అంటే ఆ చేప ఇక రాదన్నమాట!"

అంతే, అడుగు తీయదు. నిలబడ్డా చేపలు వచ్చి తగులుతూనే ఉన్నాయి. "దానంతటదే వచ్చింది, ఆ పాపం నాది కాదు" అని తీర్పు. వెనక జనం ఆగిపోయారు. జపాన్ వాళ్ళు కదా, తోసుకోవడం లేదు, దారిమ్మని తల వంచి అడుగుతున్నారు. అమ్మ కూడా తల వంచి, దణ్ణం పెట్టి, అక్కడే నిలబడింది.

అటు నాన్న నిక్కరు సంగతి మరిచిపోయి నీళ్ళలో గంతులేస్తున్నారు. "ఇదుగో, ఇంకో పువ్వు!"

చివరికి అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి చేత్తో దారి చూపించింది. అప్పుడు నాన్నే ఉపాయం చెప్పారు. "నా వెనకే రా. ముందున్నవన్నీ నేను చూసుకుంటా." అమ్మ ఒప్పుకుంది. నాన్న ముందు తొక్కుకుంటూ, అమ్మ వెనక కళ్ళు మూసుకుని, ఒడ్డెక్కారు.

తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ అమ్మ అడిగింది. "ఎన్ని పోయాయండీ?"

"ఇరవైకి పైనే!" నాన్న గొంతులో గర్వం.

"రేపు సోమవారమేగా. ఉపవాసం ఉండండి."