ఇంటి పన్నుకూ రెండు రూపాయల వడ్డీనా!
కడపలో నాన్న కట్టిన ఇల్లు. అన్నదమ్ములం ముగ్గురం. పన్ను నేను కడతాననుకుని అన్న, ఆయన కడతాడనుకుని నేను, మా ఇద్దర్నీ నమ్ముకుని చిన్నోడు! మూడేళ్లు గడిచాయి. మొన్న నోటీసు వచ్చింది. కట్టకపోతే కొళాయి కట్, ఆపైన జప్తు అంట. అసలు సరే, వడ్డీ చూస్తేనే కడుపు మండింది. నెలకు నూటికి 2 రూపాయలు, అంటే ఏడాదికి 24! బ్యాంకులో బంగారం పెట్టినా ఇంత పడదు. అదే ఏప్రిల్‌లో ఏడాది పన్నంతా ఒకేసారి కట్టుంటే 5 శాతం తగ్గేది.

"బోరుంది కదా, కొళాయి పీక్కుపోనీ" అంటాడు చిన్నోడు. ఎండాకాలం ఆ బోరులో గాలి తప్ప ఏమొస్తుంది? అన్నకు ఫోన్ చేస్తే ఒకటే మాట, "నువ్వు కట్టేయ్‌రా, తర్వాత లెక్క చూసుకుందాం." నాన్న పోయినప్పటి నుంచీ ఆ లెక్కే చూస్తున్నాం.