బీరువాలోని వైన్ సీసా గారికి

మహారాజశ్రీ సీసా గారి సముఖానికి, కర్నూలు నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం నిన్న రాత్రి చూశాం.

కార్క్ సగానికి విరిగి పొడిపొడిగా లోపల పడింది. టీ జాలితో వడగట్టాం. రంగు ఇటుకపొడి కలిపిన నీళ్లు, వాసన వెనిగర్. బెంగళూరు నుంచి వచ్చిన మా బావమరిది ఒక గుక్క నోట్లో పోసుకుని చాలాసేపు మింగలేదు.

2011లో గోవాలో 180 రూపాయలకు తమరిని కొన్నాను. పాత బియ్యానికి బస్తా మీద ఎక్కువిచ్చి కొనే ఊరు మాది. చింతకాయ తొక్కు ఎంత పాతదైతే అంత గొప్ప. వైన్ కూడా అంతేననుకున్నా. గృహప్రవేశానికి తెరుద్దామన్నారు, "ఇంకా మాగనీ" అన్నా. పాప టెన్త్ పాసైంది, మాగనీ. రెండుసార్లు ఇల్లు మారాం. గ్రైండర్ లారీలో, మా అమ్మ సిటీ బస్సులో, తమరు మాత్రం ఆటోలో నా ఒళ్లో! పట్టుచీరల అర ఖాళీ చేయించి మరీ తమరిని నిలబెట్టా. ఆ అర గురించి మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది.

ఆ నిలబెట్టడమే తప్పట. పడుకోబెడితే కార్క్ తడిగా ఉండి గాలి చొరబడదట. ఉండాల్సింది 12, 13 డిగ్రీల చీకటిగదిలో. మా ఇనుప బీరువా పడమటి గోడకుంది, మే నెలలో బయటే 43. "బావా, ఇది మాగలేదు, ఉడికింది" అన్నాడు వాడు. చల్లగా దాచినా లాభం లేదట. ఏళ్ల తరబడి బాగుపడాలంటే వైన్‌లో మొదటినుంచీ వగరు, పులుపు, తీపి లాంటి సరుకేదో దండిగా ఉండాలి. పోర్చుగల్‌లో చేసే వింటేజ్ పోర్ట్ అనే తీపి వైన్ 30 ఏళ్లు ఆగుతుందంటే, అది పులుస్తుండగానే ద్రాక్షసారా కలిపి, తీపి మిగిల్చి, ఆల్కహాల్ 20 శాతం దాకా తెస్తారు. తమరికి చీటీ మీద 'పోర్ట్' అన్న పేరొక్కటే. చవక వైన్ కొన్న ఏడాది, రెండేళ్లలో తాగేయడానికే చేస్తారట. అమ్ముదామన్నా, పేరున్న తోట, మంచి పంట ఏడాది, ఎక్కడెలా దాచారో రుజువు ఉంటేనే పాత సీసాకు ధర. తమరికి సాక్ష్యం మా పట్టుచీరలే.

మరి ఈ ముక్క ముందే ఏడవొచ్చు కదా! లోపల ఏదో తపస్సు చేస్తున్నట్టు 14 ఏళ్లు గమ్మున కూర్చున్నావే, దొంగమొహమా! ఆ 180 బ్యాంకులో వేసినా రెట్టింపయ్యేది. డబ్బు పోనీ. పండగొచ్చినప్పుడల్లా మా నాయన "ఒక్క చుక్క రుచి చూద్దాం లేరా" అనేవాడు. మాగనీ నాయనా అని ఆపింది నేనే. నాలుగేళ్ల కిందట డాక్టర్ ఆయనకు అన్నీ మాన్పించాడు. నిన్న సీసా మూతి దగ్గర వాసన చూసి, "అప్పుడే తాగుంటే పోయేది కదరా" అని లేచి వెళ్లి పడుకున్నాడు.

బావమరిది బ్యాగులోంచి కొత్త సీసా తీశాడు, 600 అట. ఈ రాత్రికే తెరవాలన్నాడు. సరేనన్నా. నా చెయ్యి మాత్రం బీరువా తాళాల కోసం తడుముతోంది.

ఇట్లు,
నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాడు