తొమ్మిది బార్ల పెద్దమనిషి

ఉదయం ఐదూ ఇరవై. సరస్సు ఒడ్డు. అద్దాల మీద మంచు ఇంకా ఆరలేదు, పక్షులు కూడా ఇంకా నోరు విప్పలేదు. సరిగ్గా అప్పుడు పక్క మోటార్‌హోమ్ (మాదిలాంటిదే, చక్రాల మీద ఇల్లు) దగ్గర జనరేటర్ మొదలైంది. ఎవరికో ప్రాణం మీదికి వచ్చింది, ఆక్సిజన్ మిషన్ నడపాలి కాబోలు అనుకుని దుప్పటి తోసి లేచాను. అలాంటిదేమీ లేదు. ఆయనకు ఎస్ప్రెసో కాఫీ కావాలి.

ఇలాంటి మనిషి మీకూ తగిలే ఉంటాడు కాబట్టి పోలికలు చెప్పను. ముందురోజు సాయంత్రం పరిచయమైన పది నిమిషాల్లో ఆయన "తొమ్మిది బార్లు" అనే మాట కనీసం ఏడుసార్లు అన్నాడు. దారిలో తగిలిన బార్ల లెక్క చెబుతున్నాడనుకుని, ఇంత తాగి బండి ఎలా నడిపాడా అని నేను జాలిపడ్డాను. తర్వాత అర్థమైంది, అది పీడనం కొలత. మనందరి నెత్తిన ఉన్న గాలి సుమారు ఒక బార్. ఎస్ప్రెసోకు దాని మీద ఇంకో తొమ్మిది కావాలి. ఆ తొమ్మిది బార్ల కోసమే ఆ పెద్దమనిషి జీవితం ధారపోస్తున్నాడు.

జనరేటర్ ఎందుకు అంటారా? కాస్త లెక్క చూద్దాం, ఆయన ఎలాగూ చూడలేదు. మిషన్ 1450 వాట్లు. బండిలో ఉన్నది 12 వోల్టుల బ్యాటరీ. అంటే 120 ఆంపియర్లు. ఇన్వర్టర్ తన కమిషన్ తాను కొట్టేస్తుంది కాబట్టి 135 దాకా వేసుకోండి. ఆయన బ్యాటరీ 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్‌ది. దాన్ని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. అయినా కాగితం మీద ఓ ఇరవై నిమిషాలు నడవాలి కదా అంటే, కాగితం మీద కాఫీ కూడా బాగానే వస్తుంది. ఒక్కసారిగా అంత లాగితే వోల్టేజీ కుంగిపోతుంది, ఇన్వర్టర్ కీచుమని అరిచి పడుకుంటుంది. మొదట 300 వాట్ల ఇన్వర్టర్‌తో ప్రయత్నించాడట. అది అరవడానికి కూడా ఓపిక లేక ఆగిపోయింది. తర్వాత 2000 వాట్లది, దానికి బొటనవేలంత కేబుళ్లు, వాటికో పెద్ద ఫ్యూజు. అయినా బ్యాటరీ మొరాయించింది. చివరికి జనరేటర్. లిథియం బ్యాటరీ వచ్చే ఏడాది ప్లానట. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడు కనీసం ఒక్క కొండతో ఆగాడు.

ఇదంతా కలిపి బరువు ఎక్కువైందని స్టెప్నీ టైరు ఇంట్లో వదిలి వచ్చాడు. ఆ మాట నాతో గర్వంగా చెప్పాడు.

సరే, జనరేటర్ మోగుతోంది. నాకెలాగూ నిద్ర పోయింది కాబట్టి నా చేతి గ్రైండర్‌లో గింజలు పోసుకుని, తిప్పుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇలాంటి కార్యక్రమం మళ్లీ చూసే భాగ్యం దొరకదు.

ముందు ఆయన మిషన్ నెత్తిన రసమట్టం పెట్టాడు. తాపీ మేస్త్రి గోడ మీద పెట్టేదే, అదే. బుడగ కుడికి జరిగింది. బయటికొచ్చి ఎడమ ముందు చక్రం కింద దిమ్మె వేసి, బండి స్టార్ట్ చేసి, దిమ్మె మీదికి ఎక్కించి, ఇంజిన్ ఆపి, మళ్లీ లోపలికి వెళ్లి చూశాడు. బుడగ ఈసారి ముందుకు జరిగింది. మళ్లీ బయటికొచ్చాడు. లోపల ఆయన భార్య మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ ఉండాలి, పాపం. మూడోసారికి బుడగ నడుమకు వచ్చింది. అప్పుడాయన ముఖంలో కనబడిన ప్రశాంతత నేను చాలామంది యోగుల్లో కూడా చూడలేదు.

తర్వాత తూకం. 18 గ్రాముల పొడి, పదో వంతు గ్రాము దాకా చూపే త్రాసు మీద. బయట గాలి వీస్తే బండి ఊగుతుంది, బండి ఊగితే అంకె ఊగుతుంది. 17.9. 18.2. 17.8. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, అంకె కుదుటపడగానే త్రాసు దానంతటదే ఆఫ్ అయింది. మళ్లీ మొదలు. పొడి నింపి, సూదుల పరికరంతో కెలికి, అదిమి, అదిమింది వాలిందేమోనని కంటి ఎత్తుకు తెచ్చి ఒక కన్ను మూసి చూసి, మిషన్‌కు బిగించి మీట నొక్కాడు. 28 సెకన్లు. 36 గ్రాములు. ఫోన్ తీసి నాలుగు ఫోటోలు. అప్పుడు ఒక్క గుక్క తాగాడు.

ఆగాడు. ఆకాశం వైపు చూశాడు. "పుల్లగా ఉంది" అన్నాడు ఎవరితోనో. మిగిలింది గడ్డిలో పారబోసి, గ్రైండ్ కొంచెం సన్నం చేసి, రెండో షాట్‌కు సిద్ధమయ్యాడు. జనరేటర్ నడుస్తూనే ఉంది.

ఇంతకూ ఆ మిషన్‌లో పోసింది ఏ నీళ్లు? బండి ట్యాంకు నీళ్లు. క్యాంప్‌సైట్ కుళాయికి తగిలించిన పైపులో నిన్నటి ఎండకు ఉడికి, ప్లాస్టిక్ ట్యాంకులో రాత్రంతా నానినవి. మొన్న ట్యాంకు శుభ్రం చేయడానికి పోసిన క్లోరిన్ వాసన ఇంకా వదలనివి. మామూలు ఫిల్టర్ చేసిన కాఫీలో నూటికి 98 పాళ్లకు పైగా నీళ్లే. తొమ్మిది బార్ల ఎస్ప్రెసోలో కూడా దాదాపు తొంభై పాళ్లు నీళ్లే. ఈత కొలను నీళ్లను తొమ్మిది బార్లతో తోస్తే వచ్చేది గట్టి ఈత కొలను. అయిదు లీటర్ల మంచినీళ్ల క్యాను ఒకటి విడిగా పెట్టుకోవాలంటే బొటనవేలంత కేబుళ్లు అక్కర్లేదు. అందుకే కాబోలు, ఆయనకది తట్టలేదు.

ఆయన భార్య నాకొక సంగతి చెప్పింది. ఆమెకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకు తెలియలేదు. కిందటి ట్రిప్పులో సుమారు 3000 మీటర్ల ఎత్తున ఆగారట. కాఫీకి నీళ్లు 96 డిగ్రీలు ఉండాలని ఆయన చదివాడు. గ్యాస్ మీద కెటిల్ పెట్టి, థర్మామీటర్ ముంచి నిలబడ్డాడు. 90 దగ్గర నీళ్లు మరిగాయి. అంకె కదల్లేదు. మంట పెంచాడు. కదల్లేదు. ఎత్తు ప్రతి 300 మీటర్లకు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ పడిపోతుంది. మూతలేని గిన్నెలో నీళ్లు మరిగాక ఎంత మంట పెట్టినా ఆవిరే తప్ప వేడి పెరగదు. కెటిల్ అడుగు కనబడే దాకా మరిగించి, థర్మామీటర్ చెడిపోయిందని తేల్చి, కిందికి దిగాక కొత్తది కొన్నాడట. ఇప్పుడు రెండున్నాయి. రెండూ సరిగ్గానే పనిచేస్తున్నాయి. అంత ఎత్తున చేయాల్సిందల్లా మరుగుతున్న నీళ్లను మరుగుతుండగానే పోయడం, పొడి ఒక నూలు సన్నంగా పట్టడం, ఇంకాసేపు నాననివ్వడం. దీనికి యంత్రమేదీ అమ్మరు.

ఈ మనుషులకు చరిత్ర కూడా అడ్డు రాదు. 1908లో జర్మనీలో మెలిటా బెంట్జ్ అనే గృహిణి, కొడుకు నోటు పుస్తకంలోని బ్లాటింగ్ కాగితం చించి, ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి కాఫీ వడకట్టింది. ఇప్పుడు మనం వాడే పేపర్ ఫిల్టర్‌కు అదే మొదలు. 1933లో ఇటలీలో బియాలెట్టి కంపెనీ మోకా పాట్ వచ్చింది, స్టవ్ మీద ఆవిరి ఒత్తిడితో నీళ్లను పొడిలోంచి పైకి నెట్టే గిన్నె. ఒకటిన్నర బార్ ఉంటుందేమో దాని పీడనం. ఆ ఒకటిన్నరతోనే ఒక దేశమంతా తొంభై ఏళ్లకు పైగా తెల్లవారుతోంది. 2005లో ఏరోప్రెస్ అనే, చేత్తో అదిమి కాఫీ దించే గొట్టం తెచ్చిన ఏలన్ ఆడ్లర్ అంతకుముందు గాల్లోకి విసిరే ఆట రింగులు చేసేవాడు. వీళ్లలో ఎవరికీ జనరేటర్ అవసరం పడలేదు.

నా సరంజామా చెబుతాను, నవ్వుకోండి. చేతి గ్రైండర్ (లోపల గింజలు నలిపే పళ్లను బర్లు అంటారు లెండి), చిన్న కెటిల్, ఏరోప్రెస్. అర లీటరు నీళ్లు మరగడానికి ఓ పది గ్రాముల గ్యాస్ చాలు. తాగాక పిప్పి బిళ్లలా గట్టిపడి చెత్తబుట్టలోకి దూకుతుంది, కడగడానికి గ్లాసెడు నీళ్లు కూడా పట్టవు. అంతకుముందు గాజు ఫ్రెంచ్ ప్రెస్ వాడేవాణ్ణి, పొడి నానబెట్టి జల్లెడతో కిందికి అదిమే కూజా. దాని పిప్పి సింకులో కడిగితే మురుగు ట్యాంకు పైపు రెండు వారాల్లో పూడిపోయింది, మూడో వారంలో గతుకు దగ్గర అల్మరా తలుపు తెరుచుకుని ప్రెస్సే పోయింది. పెద్దగా బాధపడలేదు. మోకా పాట్ కూడా మంచిదే. కాకపోతే చిన్నదైతే స్టవ్ ఊచల మధ్య నుంచి ఒరిగిపోతుంది, పైన ఒక జల్లెడ పళ్లెం వేసుకోవాలి. కింది గిన్నెలో వేడినీళ్లు సేఫ్టీ వాల్వ్ కిందికి పోసి, పొడిని అదమకుండా, సన్న మంట మీద పెట్టి, గుర్రుమనగానే దించేయాలి. ఇండక్షన్ స్టవ్ వాళ్లు అల్యూమినియంది కొనకండి. అది వేడెక్కదు, మీరు వేడెక్కుతారు.

అయితే ఇదంతా నేను నవ్వుతూ రాస్తున్నది ఇక్కడిదాకానే.

రెండో షాట్‌కు ఆయన మళ్లీ తూకం మొదలుపెట్టినప్పుడు మా బండిలో అలారం మోగింది. పొగ అలారం కాదు. కార్బన్ మోనాక్సైడ్‌ది. వెనక మంచం పక్క కిటికీ రెండు వేళ్ల మేర తెరిచి ఉంది. ఆ కిటికీ కింద, రెండు మీటర్ల దూరంలో కూడా లేదు, ఆయన జనరేటర్ పొగ గొట్టం మా వైపు తిప్పి ఉంది. ఆయన బండిలోకి పొగ రాకూడదని అలా తిప్పాడు. ఆ మంచం మీద మా అమ్మాయి నిద్రపోతోంది. తొమ్మిదేళ్లు.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన చోటును అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి వస్తుంది, వాంతి వస్తుంది, ఏదో తేడాగా ఉందని బయటికి నడుస్తాడు. నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. లేవరు. అంతే. జనరేటర్‌ను ఏ తలుపుకూ ఏ కిటికీకీ కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టాలి, పొగ ఎవరి వైపూ తిరగకూడదు. 36 గ్రాముల కాఫీని పదో వంతు గ్రాము దాకా తూచేవాడికి ఆరు మీటర్లు కొలవడం రాదా? చక్రం కింద దిమ్మె మూడుసార్లు మార్చిన ఓపికలో పదో వంతు పెట్టి ఆ గొట్టం ఖాళీ జాగా వైపు తిప్పలేడా? పిల్లికి చెలగాటం అంటారే, ఆ పిల్లికైనా ఎలుక కనబడుతుంది. ఈయనకు మేం కనబడనే లేదు. చలిగా ఉందని కిటికీలన్నీ బిగించి, కాఫీ అయ్యాక కూడా గ్యాస్ స్టవ్‌ను హీటర్‌లా వదిలేసే వాళ్లదీ ఇదే బాపతు. కాకపోతే వాళ్లు కనీసం తమ ప్రాణం మీదికే తెచ్చుకుంటారు.

అమ్మాయిని లేపి, ఎత్తుకుని బయటికి తెచ్చి, వాళ్లమ్మ చేతికిచ్చాను. తలుపులన్నీ బార్లా తెరిచాను. పిల్ల కళ్లు నులుముకుంటూ "ఏమైంది నాన్నా?" అంది. బాగానే ఉంది. తల నొప్పిగా ఉందా అని నాలుగుసార్లు అడిగితే విసుక్కుంది. ఆ విసుగు విన్నాకే నా కాళ్లలో వణుకు తగ్గింది.

అప్పుడు ఆయన దగ్గరికి వెళ్లాను. ఏమన్నానో మొత్తం ఇక్కడ రాయలేను, కొన్ని మాటలు అచ్చుకు పనికిరావు. గట్టిగానే అరిచాను, మూడో బండివాళ్లు కూడా తలుపు తీసి చూశారు. ఆయన జనరేటర్ ఆపాడు. మొదటిసారి ఆ సరస్సు నీళ్ల చప్పుడు వినబడింది. చేతిలో కప్పుతో, తల దించుకుని అంతా విన్నాడు. నా కళ్లలోకి చూడలేకపోతున్నాడు, పశ్చాత్తాపం కాబోలు అనుకున్నాను. తర్వాత గమనిస్తే ఆయన చూస్తున్నది నా చేతి వైపు. ఆ గాభరాలో గ్రైండర్ కింద పెట్టడం మరిచిపోయి, పట్టుకునే వచ్చాను.

"సారీ సార్, నిజంగా చూసుకోలేదు" అన్నాడు. కాస్త ఆగాడు. "మీ గ్రైండర్‌లో బర్లు సిరామిక్‌వా సార్, స్టీలువా?"

సిగ్గు విడిచి చెబుతున్నాను. "స్టీలే" అన్నాను.

"మంచివే" అన్నాడు.