డబ్బా మీద 3600, ఒంట్లో 2133: నా ర్యామ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డీడీఆర్4 ర్యామ్ (మెమరీ పలకల) జంట గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీరు నా గేమింగ్ కంప్యూటర్‌లో రెండు నెలలుగా కునుకు తీస్తున్నారని తెలిసి ఈ లేఖ రాస్తున్నాను.

సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు డేటా పంపగలరో చెబుతూ మీ డబ్బా మీదున్న 3600 అనే అంకె చూసే మిమ్మల్ని తెచ్చుకున్నాను. మొన్న టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే, స్పీడ్ ఎదురుగా 2133 అని ఉంది. కొత్త బోర్డు మీద ముందు క్షేమంగా లేవాలని మెమరీ ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ చెప్పిన ప్రకారం 1.2 వోల్టులతో నెమ్మదిగా మొదలుపెట్టడాన్ని నేను తప్పుపట్టను. అయితే అసలు వేగాన్ని ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌గా (తయారీదారు ముందే రాసిపెట్టిన సెట్టింగులుగా) దాచుకుని, ఎవరో బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ లేవగానే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్‌లోకి, వచ్చి అడిగేదాకా నోరు మెదపకపోవడం ఏం మర్యాద? పైగా ఆ ప్రొఫైల్‌ను వాడుకోవడానికి ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రమాణాన్ని మించి పరుగెత్తించడం, అని పేరు. అమ్మేటప్పుడు అది మీ గుణం, వాడేటప్పుడు నా దుస్సాహసం!

సరేనని బయోస్‌లో ఆ ప్రొఫైల్ ఎంచుకుని, అది అడిగిన 1.35 వోల్టులకు ఒప్పుకుని సేవ్ చేశాను. తెర నల్లబడింది. ఫ్యాన్లు తిరిగి, ఆగి, మళ్లీ తిరిగాయి. చివరికి మీరు ఏమీ ఎరగనట్టు 2133తోనే లేచారు.

ఇక్కడ నా తెలివీ కొంత ఉందని ఒప్పుకోవాలి. జంట కదా అని మిమ్మల్ని ప్రాసెసర్ పక్కనున్న మొదటి రెండు స్లాట్లలో ఆనుకుని కూర్చోబెట్టాను. నా బోర్డులో ఆ రెండూ ఒకే చానల్‌వి (ప్రాసెసర్‌కు డేటా చేరే ఒకే దారివి), వేగమూ 2133 దగ్గరే ఆగింది కాబట్టి, సెకనుకు 57.6 గిగాబైట్లు మోయగలిగిన మీరు 17 గిగాబైట్లతో సరిపెట్టుకున్నారు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలోకి మార్చి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కితే, అదే ప్రొఫైల్‌తో మొదటిసారికే లేచారు. కలిసుండాలంటే ఎడంగా కూర్చోవాలన్నమాట.

ఇప్పుడు టాస్క్ మేనేజర్ 3600 అంటోంది. కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ మాత్రం మీ గడియారం వేగం దాదాపు 1800 అంటోంది. గడియారం ఒక్కసారి కొట్టేలోపు మీరు రెండుసార్లు డేటా పంపుతారు గనుక, ఈసారికి మిమ్మల్ని అనుమానించలేదు. ఆటలో ఫ్రేములేమీ మూడింతలు కాలేదు గానీ, జనం మూగే సన్నివేశాల్లో తడబాటు తగ్గింది.

బయోస్ అప్‌డేట్ చేస్తే సెట్టింగులు మొదటికొచ్చి మీరు మళ్లీ 2133లోకి జారుకునే వీలుందని తెలిసింది. కొత్త అప్‌డేట్ వచ్చిందని నిన్ననే కబురందింది. ఆ కబురును నేనింకా తెరవలేదు.

ఇట్లు,
మీ కాపలాదారు