పాంపేయిలో అది ఆగస్టా, అక్టోబరా?

చరిత్ర క్లాసులో టెక్నాలజీ అనగానే ముందుగా గుర్తొచ్చేవి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్లద్దాలు. పెట్టుకుంటే చాలు, అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన ప్రాచీన రోమన్ పట్టణం పాంపేయి వీధుల్లో పిల్లలు తిరుగుతారు. పక్కనున్న వెసూవియస్ అగ్నిపర్వతం పేలుతుంది, ఆకాశం నల్లబడుతుంది, క్లాసంతా కేకలు. పాఠం బుర్రకెక్కడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. నా అనుమానమంతా అక్కడే.

క్రీ.శ. 79లో ఆ అగ్నిపర్వతం ఆగస్టు 24న పేలిందని చాలాకాలం చదువుకున్నాం. దానికి ఆధారం, ఆ పేలుడును కళ్లారా చూసిన రోమన్ రచయిత చిన్న ప్లినీ చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన ఉత్తరం. చిక్కేమిటంటే, ఆ ఉత్తరం చేతిరాత ప్రతులన్నిట్లో తేదీ ఒకేలా లేదు. తవ్వకాల్లో దానిమ్మ వంటి ఆకురాలు కాలపు పండ్ల ఆనవాళ్లు దొరికాయి. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో గీసిన రాత బయటపడింది. అందులోని తేదీ మన లెక్కలో అక్టోబరు 17. ఏ సంవత్సరమో మాత్రం రాయలేదు. అందుకే తగువు తెగలేదు.

వీఆర్ తయారుచేసేవాళ్లకు ఇలా నానబెట్టే వీలు లేదు. చెట్లకు ఆకులుండాలా, జనం ఏ బట్టలేసుకోవాలి, అంగట్లో ఏ పండ్లు పెట్టాలి, అన్నీ తేల్చేయాలి. వాళ్లు తేల్చిందే పిల్లల మనసులో ముద్రపడిపోతుంది. ఏది ఆధారం, ఏది ఊహ అన్నది తెర మీద తెలియదు.

అలాగని మళ్లీ సుద్దముక్కే పట్టుకోమనడం లేదు. టెక్నాలజీ చేసిన అసలు మేలు వేరే ఉంది, దానికి హడావుడి తక్కువ. పరిశోధకులకు తప్ప అందని రికార్డులు ఇప్పుడు ఏ క్లాసులోనైనా తెరుచుకుంటున్నాయి. ‘స్లేవ్ వాయేజెస్’ వెబ్‌సైటే చూడండి. అట్లాంటిక్ బానిస వ్యాపారానికి సంబంధించి దాదాపు 36 వేల ఓడ ప్రయాణాల వివరాలు అందులో ఉన్నాయి. ఆఫ్రికాలో ఓడలెక్కించింది 1.25 కోట్ల మందిని, అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగింది 1.07 కోట్ల మంది అని అంచనా.

ఈ అంకెలు పాఠ్యపుస్తకంలోనూ పెట్టొచ్చు. ఒక్క ప్రయాణం రికార్డు తెరిస్తే మాత్రం సంగతి వేరు. ఓడ పేరు ఉంటుంది, కెప్టెన్ పేరు ఉంటుంది, బయల్దేరిన రేవు, ఎక్కించినవారి సంఖ్య, దించినవారి సంఖ్య ఉంటాయి. ఆ మనుషుల పేర్లు మాత్రం సాధారణంగా ఉండవు. ఎందుకు లేవని ఎవరో ఒక పిల్ల అడగకుండా ఉండదు. లెక్క రాసుకున్నది వ్యాపారులు, వాళ్లకు పేర్లతో పనిలేదు. అదే సైట్‌లో 91 వేల మందికి పైగా ఆఫ్రికన్ల పేర్లున్న జాబితా కూడా ఉంది. వ్యాపారాన్ని నిషేధించాక పట్టుబడ్డ ఓడల నుంచి విడిపించినవారివి అవి. విడుదల నమోదు చేయాల్సిన అధికారులకు పేరు అవసరమైంది, రాసుకున్నారు. రికార్డు ఎవరు రాశారు, ఏ అవసరానికి రాశారు అన్న విచారణ ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టగానే దానంతటదే మొదలవుతుంది.

ఫొటోలతోనూ ఇదే పని చేయించొచ్చు. ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936లో తీసిన ‘మైగ్రెంట్ మదర్’ (వలస కూలీ తల్లి) ఫొటోను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో పెట్టింది. కుడివైపు కింది మూలను పెద్దది చేసి చూస్తే గుడారపు కర్ర దగ్గర మసకగా ఒక బొటనవేలు ఆనవాలు. చూడ్డానికి బాగాలేదని తర్వాత నెగెటివ్‌లో చెరిపేశారు. ఇది తెలిసిన పిల్లలు ఆ తర్వాత ఏ ఫొటోనూ అంత తేలిగ్గా నమ్మరు.

ఇక చారిత్రక వ్యక్తుల్లా మాట్లాడే చాట్‌బాట్‌లు. 2023లో వచ్చిన ఒక యాప్‌లో నాజీ నాయకుడు హిమ్లర్ తన నేరాలకు క్షమాపణ చెప్పాడు! బతికుండగా రాని పశ్చాత్తాపం అతని నోట పలికించడం క్లాసులో అబద్ధం చెప్పడమే. దీని మీద ఎక్కువ మాట్లాడాల్సిన పనిలేదు.

ఇవన్నీ తెలిసిన టీచర్లు లేరని కాదు. సిలబస్ టెన్షన్ ఒకపక్క, ఏ యుద్ధం ఏ సంవత్సరంలో అని అడిగే పరీక్ష ఇంకోపక్క. ఓడ రికార్డు ముందు పిల్లల్ని పీరియడంతా కూర్చోబెడితే మార్కులు రావు. అందుకే ఖరీదైన డిజిటల్ బోర్డు వీడియోలు చూపించే టీవీగా మిగిలిపోతోంది. పిల్లలు అంతకుముందు చూడని ఒక పాత ఉత్తరమో ఫొటోనో ఇచ్చి, దీన్ని ఎంతవరకు నమ్మొచ్చో కారణాలతో రాయమని ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న పెట్టి చూడండి. ఆ బోర్డు మీద ఏం తెరవాలో టీచర్లే వెతుక్కుంటారు.