రికార్డులో ఉన్నట్టు లేదా? అప్పట్లోనూ లేదు

కొన్నాళ్ళుగా ఒక పోస్టు చేతులు మారుతూ తిరుగుతోంది. సారాంశం ఇది: "విడిపోయి, ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసిన రాక్ బ్యాండ్ల లైవ్ షోలన్నీ డబ్బు కోసం ఆడే నాటకం. ఒక్క పాటా రికార్డులో ఉన్నట్టు ఉండదు. శ్రుతి దించేస్తారు. వెనక టేపు పెట్టుకుంటారు. వాయించేవాళ్ళలో కొత్త మొహాలే ఎక్కువ. అదే ఆ రోజుల్లో అయితే రికార్డు ఎలా ఉందో స్టేజీ మీద అచ్చం అలాగే దించేవాళ్ళు. నమ్మకపోతే వీడియోలు చూడండి. 1994లో ఈగిల్స్ 'హోటల్ కాలిఫోర్నియా'ని ఎలా పాడుచేశారో చాలు."

నాకు ఇది పంపినవాళ్ళలో సంగీతం బాగా వినేవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఊరుకోలేకపోయాను. డబ్బు కోసమే అన్న మాటతో నాకు పేచీ లేదు. డబ్బు కోసమే. ఇరవై ఏళ్ళ వయసులో వాయించినప్పుడు మాత్రం ఊరికే వాయించారా?

"ఆ రోజుల్లో అచ్చం రికార్డులాగే"

అసలు పొరపాటు ఇక్కడుంది, మిగతా ఆరోపణలన్నీ దీని మీద లేచిన గోడలు. కాబట్టి ఎక్కువసేపు ఇక్కడే నిలబడతాను.

రికార్డు అంటే నలుగురూ ఒకచోట కూర్చుని వాయిస్తే మైకు పెట్టి పట్టుకున్నది అని మనకో ఊహ. పింక్ ఫ్లాయిడ్ 'కంఫర్టబ్లీ నంబ్' (1979) చివర్లో వచ్చే గిటార్ సోలోనే (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి పలికే భాగం) తీసుకోండి. డేవిడ్ గిల్మోర్ దాన్ని ఒక్క ఊపులో వాయించలేదు. ఐదారు సోలోలు విడివిడిగా రికార్డు చేసి, ఒక్కొక్కటీ వింటూ ఏ ముక్క బాగుందో కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాడు. తర్వాత మిక్సింగ్ బల్ల మీద ఒక ట్రాక్ పైకి లేపుతూ, ఇంకోటి దించుతూ, ఆ ముక్కలన్నిటినీ ఒకే సోలోగా కూర్చాడు. అంటే మనం కంఠతా పట్టిన ఆ సోలో గిల్మోర్ వేళ్ళ మీద నుంచి ఆ వరసలో ఒక్కసారి కూడా రాలేదు. అది వేళ్ళతో వాయించింది కాదని కాదు. వేళ్ళతో, కత్తెరతో కలిపి చేసింది.

కత్తెర అంటే గుర్తొచ్చింది. ఆ పోస్టు నెత్తిన పెట్టుకున్న 'హోటల్ కాలిఫోర్నియా' (1976) అసలు రికార్డు సంగతీ ఇంతే. ప్రొడ్యూసర్ బిల్ సిమ్‌జిక్ వేరువేరు టేకుల్లోంచి (పాటని మళ్ళీ మళ్ళీ వాయించి పట్టిన రికార్డింగుల్లోంచి) మంచి భాగాలు ఎంచి, రెండంగుళాల మాస్టర్ టేపుని బ్లేడుతో కోసి అతికించాడు. ఆయన లెక్క ప్రకారం 33 కోతలు. ఇది తప్పని నేననడం లేదు. స్టూడియో ఉన్నదే అందుకు. కానీ ముప్పై మూడు చోట్ల అతికిన పాటని "అప్పట్లో వాయించినట్టే" అనుకుని, దాంతో స్టేజీని కొలవడం ఏం న్యాయం?

మరి ఆ రోజుల్లో స్టేజీ మీద ఏం జరిగింది? లెడ్ జెప్లిన్ 'డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్' రికార్డులో ఆరున్నర నిమిషాలు. 1973లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించి, తర్వాత ఆల్బమ్‌గా విడుదల చేసింది దాదాపు 27 నిమిషాలు. డీప్ పర్పుల్ 'స్పేస్ ట్రకిన్' స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. అదే 1972లో జపాన్ కచేరీల్లో దాదాపు ఇరవై నిమిషాలు సాగింది. ఈ పాట రికార్డూ, ఆ కచేరీలూ ఒకే ఏడాదివి, వాయించినవాళ్ళూ వాళ్ళే.

లెడ్ జెప్లిన్ 'స్టెయిర్‌వే టు హెవెన్' ఇంకా దగ్గరగా చూడండి. రికార్డులో మొదలయ్యేది అకూస్టిక్ గిటార్‌తో. వెంట వినిపించే వేణువులాంటి నాదం బ్యాండ్‌లోని జాన్ పాల్ జోన్స్ ఊదిన రికార్డర్లు, అంటే ఒక రకం పిల్లనగ్రోవులు. పన్నెండు తంతుల ఎలక్ట్రిక్ గిటార్ తర్వాత వస్తుంది. సోలోకి గిటారిస్టు జిమ్మీ పేజ్ పట్టుకున్నది టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్. స్టేజీ మీద ఇన్ని గిటార్లు మార్చడం కుదరదు కనుక రెండు మెడల గిబ్సన్ గిటార్ ఒక్కటే భుజాన వేసుకున్నాడు. రికార్డర్ల వంతు కీబోర్డు మీదికి వెళ్ళింది. అంటే పాట పుట్టిన ఏడాదే ఆరంభం మారింది, సోలో నాదం మారింది. సోలో అయితే రాత్రికోలా మారేది. జనం దానికోసమే వెళ్ళేవాళ్ళు.

ఇక 'వెన్ ద లెవీ బ్రేక్స్'. అందులోని డ్రమ్స్ హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల హాల్లో కింద డ్రమ్స్ పెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీసి పట్టినవి. ఆపైన టేపు వేగం తగ్గించారు. ఆ మోత రాక్ సంగీతంలో ఎంతోమంది అరువు తెచ్చుకున్న మోత. జెప్లిన్ దాన్ని 1975లో కొన్ని కచేరీల్లో ప్రయత్నించి వదిలేసింది. స్టేజీ మీదికి మెట్ల హాలు ఎత్తుకెళ్ళలేం కదా.

"కానీ పాత లైవ్ ఆల్బమ్‌లు ఎంత పర్ఫెక్ట్‌గా ఉంటాయో" అంటారేమో. జాగ్రత్త. 1980లో వచ్చిన ఈగిల్స్ లైవ్ ఆల్బమ్ నాటికి బ్యాండ్‌లోని గ్లెన్ ఫ్రై అమెరికా ఒక తీరంలో, మిగతావాళ్ళు ఇంకో తీరంలో ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితి. ఆ రికార్డులోని గొంతుల్ని చాలామటుకు స్టూడియోలోనే సరిచేశారు. టేపులు కొరియర్‌లో అటూ ఇటూ తిరిగాయి. అంత తీయగా కలిసిన గొంతులు ఒక గదిలో కలిసినవి కావు.

"శ్రుతి దించడం మోసం"

2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో లెడ్ జెప్లిన్ ఒకే ఒక్క రాత్రి మళ్ళీ కలిసింది. 'స్టెయిర్‌వే' ఒక టోన్ కిందికి దించి వాయించారు. హార్మోనియం మీద అయితే రెండు మెట్లు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కి అప్పటికి 59 ఏళ్ళు. వయసుతో స్వరతంతువులు బిగుసుకుంటాయి, పై స్థాయి తగ్గుతుంది. ఇందులో దాపరికం ఏముంది? విన్న ప్రతివాడికీ తెలిసిపోయే విషయం మోసం ఎలా అవుతుంది?

దీనికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. పైన చెప్పిన 1973 కచేరీల్లో 'రాక్ అండ్ రోల్' అనే పాట మొదటి పంక్తులు వినండి. రికార్డులో గొంతు చీల్చుకుని పాడిన చోట, ప్లాంట్ కింది స్వరాల్లో దారి మార్చి పాడాడు. అప్పుడతనికి 24 ఏళ్ళు. రాత్రి తర్వాత రాత్రి రెండు మూడు గంటలు పాడే మనిషి రికార్డులో ఒకసారి తాకిన స్వరాన్ని ప్రతిసారీ తాకలేడు. వయసులో ఉన్నప్పుడే తెలివిగా తప్పించుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డాక అదే పని చేస్తే మోసమా?

దించితే పాట రంగు మారదా అంటే, మారుతుంది. ఒప్పుకుంటాను. గిటార్ తీగలు వదులై నాదం బరువెక్కుతుంది, కొంత మెరుపు పోతుంది. నాకైతే ఓ2 రికార్డింగులో ఆ బరువే నచ్చింది. అది నా రుచి.

"వయసైపోయింది కనుక పస ఉండదు"

పోస్టులో ఈ మాట నేరుగా లేదు, వరసల మధ్య ఉంది. దీనికి జవాబు లెడ్ జెప్లిన్ చరిత్రలోనే ఉంది. 1985 జూలై 13న లైవ్ ఎయిడ్ అనే సహాయార్థ కచేరీలో, ఫిలడెల్ఫియాలో, ప్లాంట్, పేజ్, జోన్స్ కలిశారు. డ్రమ్స్ మీద ఫిల్ కాలిన్స్, టోనీ థాంప్సన్. సరైన రిహార్సల్ లేదు, గిటార్ శ్రుతిలో లేదు, ప్లాంట్ గొంతు బొంగురుపోయింది. తర్వాత ఆ కచేరీ డీవీడీలో తమ భాగం వద్దని వాళ్ళే అన్నారు. అప్పుడు ప్లాంట్ వయసు 36. వారాల తరబడి సాధన చేసి ఎక్కిన ఓ2 నాటికి 59. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, ఏది కుంటిందో చెవులే చెబుతాయి.

2007లో మళ్ళీ కలిసిన ద పోలీస్ బ్యాండ్ సంగతి ఇంకా సరదా. వాంకూవర్‌లో టూర్ మొదలైన కొద్దిరోజులకే డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్‌లండ్ తన సైట్‌లో తమ రెండో షోని తానే ఉతికి ఆరేశాడు. మొదటి పాట దగ్గరే ఒకరి తాళం ఒకరికి కలవలేదని, ఆ రాత్రంతా తడబడ్డామని రాసుకున్నాడు. మోసం చేసేవాడు రాసే రాత కాదు అది.

"వెనక టేపు ఉంటుంది"

ఉంటుంది. కొత్తగా మాత్రం రాలేదు. క్వీన్ 1970లలోనే 'బొహీమియన్ రాప్సొడీ' మధ్యలోని ఆపెరా భాగం వచ్చేసరికి స్టేజీ దిగి లోపలికి వెళ్ళిపోయేది. ఆ భాగం టేపు మీద వినిపించేది. పొరలు పొరలుగా పేర్చిన అన్ని గొంతులు నలుగురితో ఎక్కడ కుదురుతాయి? ద హూ అనే బ్యాండ్ 1971 నుంచే సింథసైజర్ (ఎలక్ట్రానిక్ నాదాలు పుట్టించే వాద్యం) టేపుతో కలిసి వాయించింది. డ్రమ్మర్ కీత్ మూన్ టేపుతో తాళం తప్పకుండా హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాడు. 1973లో న్యూకాసిల్‌లో టేపు సరిగ్గా అందుకోకపోయేసరికి గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ సౌండ్ మనిషి మీదికి వెళ్ళి సామాను విరగ్గొట్టాడు. "ఆ రోజుల" స్వర్ణయుగం అదీ.

ఇక్కడ ఒక గీత మాత్రం గీస్తాను. సింథసైజరో, వెనక కోరస్సో టేపులో వస్తే నాకు అభ్యంతరం లేదు. ముందు మైకు పట్టుకుని ప్రధాన గాయకుడు పెదవులు కదుపుతూ, గొంతు మాత్రం యంత్రంలోంచి వస్తే మటుకు టికెట్ డబ్బులు వెనక్కి అడగాల్సిందే. పోస్టు ఈ రెంటినీ ఒకే గాటన కట్టింది.

"సగం మంది కొత్తవాళ్ళు"

కొన్నిసార్లు నిజమే. ఓ2లో డ్రమ్స్ వాయించింది 1980లో చనిపోయిన జాన్ బోనమ్ కొడుకు జేసన్. ద హూ 1989లో తిరిగొచ్చినప్పుడు ఊదేవాళ్ళు, కోరస్, అదనపు గిటారిస్టుతో స్టేజీ నిండిపోయింది. చెవి దెబ్బతిన్న టౌన్‌షెండ్ చాలాచోట్ల అకూస్టిక్ పట్టుకున్నాడు. ఆ టూర్ పెద్ద ఊరేగింపులా ఉందంటే నేనూ తలూపుతాను. దాని లోటు మనుషులు మారడంలో లేదు, వాయించేవాళ్ళకి సొంతంగా కదిలే చోటు లేకుండా చేయడంలో ఉంది. 2005 జూలై 2న హైడ్ పార్క్‌లో రోజర్ వాటర్స్‌తో సహా పింక్ ఫ్లాయిడ్ నలుగురూ 24 ఏళ్ళ తర్వాత ఒకే స్టేజీ ఎక్కారు. అయినా ఏ పాటా రికార్డుకి నకలు కాలేదు. పాత మనుషులున్నా నకలు రాదు, లేకపోయినా రాదు.

"వీడియోలు చూడండి"

ఫోన్‌లో తీసిన వీడియో చూసి తీర్పు చెప్పకండి. పెద్ద చప్పుడు రాగానే ఫోన్ మైకు స్థాయిని తనంతట తానే నొక్కేస్తుంది, బేస్ చచ్చిపోతుంది, పక్కవాడి అరుపు గాయకుడి గొంతు మీదికి ఎక్కుతుంది. పైగా స్టేడియంలో వంద మీటర్ల దూరాన కూర్చున్నవాడికి స్టేజీ మీది శబ్దం సెకనులో దాదాపు మూడోవంతు ఆలస్యంగా చేరుతుంది. తాళం తప్పినట్టు కనిపించే చాలా వీడియోల్లో తప్పింది తాళం కాదు, గాలిలో ప్రయాణం.

ఇక ఈగిల్స్

14 ఏళ్ళ ఎడబాటు తర్వాత 1994లో వాయించిన 'హోటల్ కాలిఫోర్నియా' నిజంగానే రికార్డులా లేదు. ఎలక్ట్రిక్ గిటార్ల హోరు లేదు. నైలాన్ తీగల గిటార్ ఒక్కటి ఏదో కొత్త రాగం వెతుక్కుంటున్నట్టు మొదలవుతుంది. కింద చేత్తో వాయించే డ్రమ్స్. చాలాసేపు అది ఏ పాటో అంతుపట్టదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు బుద్ధిగా వింటున్నారు. అంతలో ఆ పాత స్వరాల వరస మొదటి నాలుగు మీటలు పడతాయి. ఒక్క క్షణం, అంతే. తర్వాత ఆ హాల్లోంచి లేచే అరుపు ఏ స్టూడియో రికార్డులోనూ లేదు.